కోళ్లు చస్తున్నాయని చెప్పినోడికే దెబ్బ పడితే ఇక ఎవడు చెప్తాడు? (బర్డ్ ఫ్లూ, దేశాల మధ్య సహకారం)

గోదారి_గట్టు
మాది తణుకు పక్కన పల్లెటూరు. మా చిన్న మావయ్యకి లేయర్ ఫారం ఉంది. 2025 ఫిబ్రవరిలో వేల్పూరు, కానూరు అగ్రహారం కోళ్ల శాంపిళ్లు భోపాల్‌లోని జాతీయ పశువ్యాధుల ల్యాబ్‌లో బర్డ్ ఫ్లూ పాజిటివ్ వచ్చాయి కదా, అప్పుడు మావాళ్ల ఫారం కిలోమీటరు జోన్‌లో పడలేదు, పది కిలోమీటర్ల జోన్‌లో పడింది. కిలోమీటరు లోపలుంటే కోళ్లని చంపి పూడ్చేసి ఎంతో కొంత పరిహారం ఇస్తారు. మాకు అదీ లేదు. కోళ్లు బతికే ఉన్నాయి, రోజూ గుడ్లు పెడుతూనే ఉన్నాయి, ట్రేలు గోడౌన్ కప్పు దాకా పేరుకుపోయాయి, కొనే నాథుడు లేడు. దాణా మాత్రం అప్పు చేసైనా పొయ్యాల్సిందే.

ఇంకో సంగతి. చుట్టుపక్కల ఒకాయన జనవరిలోనే కోళ్లు రాలిపోతుంటే ఎవరికీ చెప్పకుండా మిగిలినవి రాత్రికి రాత్రి ట్రేడర్‌కి తోలేశాడు. ఆయన బానే ఉన్నాడు. ఫోన్ చేసి నిజం చెప్పినాయన నిండా మునిగాడు.

నిన్న టీవీలో ఒక పెద్దమనిషి "పొరుగు దేశాలు ఫ్లూ సమాచారం ఎప్పటికప్పుడు పంచుకోవాలి, ప్రాంతీయ సహకారం పెరగాలి" అంటుంటే నవ్వొచ్చింది. ఊళ్లో ఫారం ఓనరే నోరు విప్పడానికి భయపడుతుంటే దేశాలు విప్పుతాయా? ఇవి నిజంగా ఎక్కడైనా పనిచేశాయా, లేక మీటింగుల్లో బిస్కట్లు తిని రావడానికేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

కోడిపులావ్
కోళ్లు అని చూసి వంటల సెక్షన్ అనుకుని వచ్చా. ఉన్న ఆకలి కాస్తా పోయింది.

రిటైర్డ్_వెటర్నరీ
గట్టు గారూ, మీ మావయ్యగారి లాంటి వాళ్లని సర్వీసులో చాలామందిని చూశాను. ఒక విషయం కలుపుతాను. పరిహారం వచ్చేది మనం చంపించిన కోడికే. దానంతటది చచ్చిన కోడికి పైసా రాదు. ఏమవుతుందంటే, రోజుకి పదో పాతికో చస్తుంటే రైతు కొక్కెర తెగులేమో (రాణిఖేత్) అనుకుని దాని టీకా లసోటా వేయిస్తాడు, నీళ్లలో విటమిన్లు కలుపుతాడు, చూద్దాం చూద్దాం అంటాడు. ఈలోగా షెడ్డు సగం ఖాళీ. అప్పుడొచ్చి చెప్పినా ఆ సగానికి లెక్కే లేదు. ఇక చెప్పి లాభమేంటి అని అక్కడే ఆగిపోతాడు.

దేశాలదీ ఇదే వరస. భోపాల్‌లో పాజిటివ్ తేలితే ఆ ముక్క తణుకులో ఆగదు. ఢిల్లీ నుంచి పారిస్‌లో ఉన్న ప్రపంచ పశు ఆరోగ్య సంస్థకి 24 గంటల్లో రిపోర్టు వెళ్లాలి. అది వెళ్లాక మన గుడ్లు కొనే దేశం మర్నాడే గేటు వేసేయొచ్చు. అదే వైరస్ మనిషిలో కనపడితే 2007 జూన్ నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రకారం ప్రపంచ ఆరోగ్య సంస్థకి కూడా 24 గంటల్లో చెప్పాలి. కొత్త రకం ఫ్లూ అయితే ఒక్క కేసున్నా చెప్పాల్సిందే. మశూచి, పోలియో, సార్స్‌తో పాటు ఆ లిస్టులో ఉన్నది ఇదే.

నల్గొండ_నర్సన్న
గట్టన్నా నీ బాధ నిజమే గని, చచ్చిన కోళ్లను సంచులల్ల కట్టి కాల్వలల్ల, రోడ్ల పొంట పడేసింది ఎవలు? పేపర్ల ఫోటోలు రాలేదా? మా దిక్కు బోర్డర్ల కాడ లారీలు ఆపి వాపస్ పంపిన్రు అంటే పంపరా మరి? మా దగ్గర గూడ ఫారాలున్నయ్. మేమేం పాపం జేసినం?

గోదారి_గట్టు
పడేసింది మావాళ్లు కాదు నర్సన్నా. కానీ ఎందుకు పడేశారో చెప్తా విను. పూడ్చాలంటే జేసీబీ కావాలి. జేసీబీ వస్తే ఊరంతటికీ తెలుస్తుంది. తెలిస్తే పక్కరోజే ట్రేడర్ రేటు సగానికి కోస్తాడు. అందుకని చీకట్లో కాలవ. తప్పు కాదనట్లేదు, ఆ తప్పు ఎక్కడ పుడుతుందో చెప్తున్నా. అయినా మీవాళ్లు జబ్బు లేని జిల్లాల లారీలూ ఆపేశారుగా?

నల్గొండ_నర్సన్న
లారీల ఉన్న కోడి ఏ జిల్లదో ఎట్ల తెలుస్తది? కోడికి ఆధార్ కార్డున్నదా?

భీమవరం_బుల్లోడు
ఆధార్ లేదు కానీ పాస్‌పోర్ట్ ఉంది, థాయ్‌లాండ్‌లో. ఒట్టు, జోక్ కాదు. 2004లో అక్కడ బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఫారం కోళ్లని చంపడానికి ఒప్పుకున్నారు గానీ పందెం కోళ్ల దగ్గరికొచ్చేసరికి జనం ఇంట్లో మంచం కింద దాచేశారు. బలవంతంగా చంపితే ఇంకా దాస్తారని అర్థమై చివరికి పందెం కోడికి పాస్‌పోర్ట్ పెట్టారు. కోడి ఎక్కడ పుట్టింది, ఏ జిల్లా నుంచి ఏ జిల్లాకి పోయింది, ఎప్పుడు టెస్టు చేశారు, అన్నీ అందులో రాయాలి.

సంక్రాంతికి మా వైపు ఎన్ని జిల్లాల కోళ్లు ఒకే బరిలోకి దిగుతాయో తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. అక్కడ కోడిని ఒళ్లో పెట్టుకుని నోటితో గాయాలు కడిగేవాళ్లని కళ్లారా చూశా.

కోడిపులావ్
పాస్‌పోర్ట్ ఫోటోకి కోడి మెడ నిటారుగా పెట్టాలా?

హనోయ్_రావు
చేపల మేత కంపెనీలో పని, వియత్నాంలో ఉంటున్నా. గట్టు గారి ప్రశ్నకి ఇక్కడి నుంచి ఒక జవాబు.

ఇక్కడ ఉత్తరాన లాంగ్ సన్ అని చైనా బోర్డర్ ఊరు. చైనాలో గుడ్లు పెట్టడం మానేసిన ముసలి కోళ్లకి రేటు లేదు. ఇటు వియత్నాం వాళ్లకి గట్టి మాంసం ఉన్న ముసలి కోడంటే ఇష్టం. ఇంకేముంది, రాత్రిపూట కొండదారుల్లో బుట్టలకి బుట్టలు దిగిపోతాయి. చెక్‌పోస్టు పెడితే పక్క కొండ ఎక్కుతారు. చైనాలో పుట్టిన కొత్త రకం వైరస్ వియత్నాంలో తేలడానికి వలస పక్షులే అక్కర్లేదు, ఈ బుట్టలు చాలు.

ఇక్కడివాళ్లకి అర్థమైంది ఏంటంటే రాజధానుల మధ్య కాగితాలు తిరిగేలోపు వైరస్ నాలుగు జిల్లాలు తిరిగేస్తుంది. అందుకని 1999లో ఆరు దేశాలు, కంబోడియా, లావోస్, మయన్మార్, థాయ్‌లాండ్, వియత్నాం, చైనా కలిసి మెకాంగ్ నది పరివాహకంలో రోగ నిఘా వ్యవస్థ ఒకటి పెట్టుకున్నాయి. అందులో అసలు సంగతి, బోర్డర్‌కి ఇటూ అటూ ఉన్న జిల్లాలని జత కట్టారు. ఇటు ఆరోగ్య అధికారి దగ్గర అటు అధికారి ఫోన్ నంబర్ ఉంటుంది. కేసు వస్తే నేరుగా ఫోన్ కొడతాడు. రాజధానికి, పారిస్‌కి రిపోర్టులు ఎలాగూ వెళ్తాయి, అవి తర్వాత.

2007లో లావోస్ రాజధాని వియంటియాన్‌లో పదిహేనేళ్ల అమ్మాయికి బర్డ్ ఫ్లూ సోకితే ఇంట్లోవాళ్లు మెకాంగ్ నది దాటించి థాయ్‌లాండ్‌లోని నోంగ్ ఖాయ్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. పేషెంటు ఒక దేశంలో, చచ్చిన కోళ్లు ఇంకో దేశంలో. రెండు దేశాలవాళ్లూ కలిసి పని చేశారు కాబట్టే ఎక్కడ అంటిందో వెతకగలిగారు. పాప బతకలేదు. లావోస్‌లో మనిషికి వచ్చిన మొదటి కేసు అది.

సందేహాల_సుబ్బారావు
రావు గారు థాయ్‌లాండ్‌ని మరీ పొగిడేస్తున్నారు. 2004 జనవరిలో ఆ థాయ్‌లాండే వారాల తరబడి మా దగ్గర బర్డ్ ఫ్లూ లేదు, అది కోళ్ల కలరా అని బుకాయించింది. మంత్రులు టీవీలో చికెన్ తిని చూపించారు. జనవరి 23న గానీ ఒప్పుకోలేదు. ఎందుకు? ప్రపంచానికి చికెన్ అమ్మే పెద్ద దేశాల్లో అదొకటి. ఒప్పుకున్నారో లేదో జపాన్, యూరప్ రెండూ కొనడం మానేశాయి.

హనోయ్_రావు
కరెక్టే, నేను కాదన్నానా? ఆ తర్వాత ఏం చేశారో కూడా చెప్పండి మరి. పచ్చి చికెన్ కొనకపోతే వండిన చికెన్ అమ్ముదామని ఫ్యాక్టరీలన్నీ అటు మళ్లించారు. వేడి చేస్తే వైరస్ ఉండదు కాబట్టి దానికి నిషేధం లేదు. ఇటు ఊళ్లలో ఆరోగ్య వాలంటీర్లని లక్షల్లో దింపి ఇంటింటికీ తిప్పి చచ్చిన కోళ్లు, జ్వరం మనుషులు ఎక్కడున్నారో అడిగించారు. నిజం చెప్పినా వ్యాపారం పూర్తిగా పడుకోదని నమ్మకం కుదిరాక దాచడం తగ్గింది. నాకు అర్థమైంది ఇదే, నీతులు చెప్తే ఎవడూ మారడు.

గోదారి_గట్టు
వండిన చికెన్ ఐడియా బాగుంది. గుడ్లని ఏం చెయ్యాలో కూడా ఎవరైనా చెప్పండి. ఉడకబెట్టి పంపుదామా?

డల్లాస్_చిన్నోడు
మాకు పంపు అన్నా. 2025 మార్చిలో ఇక్కడ డజను గుడ్లు ఆరు డాలర్లు దాటాయి. మా ఆవిడ గుడ్డు కూరలో బంగాళాదుంపలే ఎక్కువ వేసింది.

సీరియస్‌గా చెప్పాలంటే ఇక్కడా సేమ్ స్టోరీ. 2024 మార్చిలో టెక్సాస్ ఆవుల్లో ఈ వైరస్ బయటపడింది. ఆవులకి బర్డ్ ఫ్లూ ఏంటని అందరూ నోరెళ్లబెట్టారు. కోళ్ల ఫారం వాళ్లు చంపిన కోడికి డబ్బు వస్తుంది కాబట్టి చెప్తారు. డైరీ వాళ్లకి మొదట ఏమీ లేదు, పాలు పారబోసుకోవడమే. దాంతో టెస్టులకి చాలామంది ఒప్పుకోలేదు. జులైలో పాల నష్టానికి డబ్బిస్తామన్నారు. డిసెంబర్‌లో రైతుని అడగడం మానేసి, చిల్లింగ్ సెంటర్ల దగ్గర, ట్యాంకర్లలో పాలే టెస్టు చేయమని కేంద్రం ఆర్డరేసింది. అగ్రరాజ్యం అంటారు గానీ రైతు దగ్గరికొచ్చేసరికి తణుకైనా టెక్సాసైనా ఒకటే.

పాత_పేపర్ల_కట్ట
ఈ టాపిక్‌లో ఇండోనేషియా పేరు ఇంకా రాకపోవడం విడ్డూరంగా ఉంది. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

2006 నాటికి మనుషుల్లో బర్డ్ ఫ్లూ మరణాలు ఎక్కువగా ఉన్నది ఇండోనేషియాలో. వాళ్లు పద్ధతిగా వైరస్ శాంపిళ్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లూ ల్యాబుల నెట్‌వర్క్‌కి ఉచితంగా పంపుతూ వచ్చారు. ఒకరోజు తెలిసింది, ఆ వైరస్‌తోనే ఆస్ట్రేలియా కంపెనీ ఒకటి టీకా తయారు చేస్తోందని. ఇండోనేషియాకి చెప్పలేదు, అడగలేదు. రేపు మహమ్మారి వస్తే ఆ టీకా ఎవరికి దక్కుతుంది? ముందే డబ్బు కట్టి బుక్ చేసుకున్న ధనిక దేశాలకి. వైరస్ ఇచ్చినవాళ్లు క్యూలో చివర.

ఆరోగ్య మంత్రి సితి ఫాదిలా సుపారి అప్పుడు తెగేసి చెప్పింది, మా వైరస్ మాది, ఇక పంపం అని. 2007 అంతా ప్రపంచం తల పట్టుకుంది. శాంపిల్ లేకపోతే వైరస్ ఎలా మారుతోందో తెలీదు, టెస్టు కిట్ పనిచేస్తుందో లేదో తెలీదు. ఆవిడని తిట్టినవాళ్లు తిట్టారు. కానీ ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబు ఎవరి దగ్గరా లేదు.

నాలుగేళ్లు కొట్టుకుని 2011 మేలో ఒక ఒప్పందానికి వచ్చారు. మహమ్మారి ఫ్లూ సన్నద్ధత ఫ్రేమ్‌వర్క్ అంటారు. దేశాలు వైరస్ పంచుకోవాలి. బదులుగా ఆ నెట్‌వర్క్‌ని వాడుకునే టీకా, మందుల, టెస్టు కిట్ల కంపెనీలు ఏటా డబ్బు కట్టాలి, మొత్తం 28 మిలియన్ డాలర్లు. అది పేద దేశాల ల్యాబులకి ఖర్చవుతుంది. పైగా మహమ్మారి వస్తే తయారయ్యే టీకాల్లో కొంత భాగం ప్రపంచ ఆరోగ్య సంస్థకి ఇవ్వాలి. గట్టు గారూ, మీరడిగిన పరిహారం లాంటిదే ఇది, దేశాల స్థాయిలో. చెప్పినోడికి ఏదో ఒకటి తిరిగి రావాలి అనేది మొదటిసారి రాతలోకి వచ్చింది.

భారత్_ముద్దుబిడ్డ
ఆ మంత్రి చేసిందే రైటు. మనం కూడా అదే చెయ్యాలి. మన వైరస్ మనం ఇవ్వడం, వాళ్లు టీకా చేసి మనకే అమ్మడం! కోవిడ్‌లో చూడలా? టీకాలు తయారు చేసే దమ్ము మనకుంది, వాళ్ల అవసరం మనకేంటి?

ల్యాబ్_కోటు
ముద్దుబిడ్డ గారూ, దమ్ము ఉంది, కాదనను. హైదరాబాద్‌లో వైరాలజీ ల్యాబ్‌లోనే పని చేస్తున్నా. కానీ ఫ్లూ టీకా ఒకసారి తయారు చేసి ఊరుకునేది కాదు. ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఒకసారి, సెప్టెంబర్‌లో ఒకసారి నిపుణులు కూర్చుని రాబోయే సీజన్ టీకాలో ఏ రకాలు ఉండాలో తేలుస్తారు. ఫిబ్రవరిది ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబర్‌ది దక్షిణార్ధగోళానికి. దానికి ముడిసరుకు వందకు పైగా దేశాల ల్యాబులు పంపే శాంపిళ్లు. 1952 నుంచి నడుస్తున్న నెట్‌వర్క్ ఇది. మన తరఫున పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ (ఎన్‌ఐవీ) ఉంది. ఇక్కడి గొంతు స్వాబ్ అక్కడికి పోతుంది, అక్కడి నుంచి ఎంపిక చేసినవి అట్లాంటా, లండన్, మెల్‌బోర్న్, టోక్యో, బీజింగ్ లాంటి కేంద్రాలకి.

మనం ఒంటరిగా చేస్తే మనకి కనిపించేది మన వైరసే. వచ్చే ఏడాది మన మీదికి వచ్చేది ఈ ఏడాది థాయ్‌లాండ్‌లోనో ఆస్ట్రేలియాలోనో తిరుగుతున్నది కావచ్చు. ఇప్పుడు మీరు వేయించుకునే టీకా డబ్బా తిప్పి చదవండి, ఏవేవో ఊర్ల, దేశాల పేర్లుంటాయి. ఇంతకుముందు బ్రిస్బేన్, డార్విన్, కంబోడియా ఇలా వచ్చాయి. ఎక్కడ శాంపిల్ తీశారో ఆ పేరే. అలా ఇచ్చినవాళ్లుంటేనే మన అమ్మానాన్నలకి టీకా.

కోవిడ్ వచ్చాక ఇన్‌ఫ్లుయెంజా బి లో యమగాటా అనే శాఖ 2020 మార్చి తర్వాత ఎక్కడా కనపడలేదు. ఎక్కడా అని చెప్పాలంటే అన్ని దేశాల్లోనూ వెతకాలి కదా? వెతికారు, లేదు అన్నారు, టీకాలోంచి దాన్ని తీసేయమని సిఫార్సు చేశారు. ఒక్క దేశం వల్ల అయ్యే పనేనా ఇది?

భారత్_ముద్దుబిడ్డ
మరి అమెరికా ఏకంగా ప్రపంచ ఆరోగ్య సంస్థలోంచే బయటికి పోయిందిగా? వాళ్లకి లేని నొప్పి మనకెందుకు?

ల్యాబ్_కోటు
2025 జనవరిలో పోతాం అన్నారు, ఏడాది నోటీసు అయ్యాక 2026 జనవరిలో పోయారు. మధ్యలో 2025 ఫిబ్రవరి టీకా మీటింగ్‌కి మాత్రం వాళ్ల సైంటిస్టులు హాజరయ్యారు. నొప్పి లేకపోతే ఎందుకు కూర్చుంటారు?

నిద్రలేని_నర్సు
కువైట్ నుంచి. ల్యాబ్_కోటు గారూ, మా వార్డులో ఏటా మాకు టీకా వేస్తారు కానీ ఆ పేర్లు ఎప్పుడూ చదవలేదు, రేపు చూస్తా. ఒక డౌట్. మా అమ్మావాళ్లు కడపలో ఉంటారు. వాళ్లు ఎప్పుడు వేయించుకోవాలి? ఒక డాక్టర్ చలికాలం ముందు అంటారు, ఇంకొకరు వానలకి ముందు అంటారు.

ల్యాబ్_కోటు
ఇద్దరూ తప్పు కాదమ్మా. మన దేశంలో ఫ్లూ రెండుసార్లు ఎగుస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా ఒకటి, వానాకాలంలో, దాని వెనకాల ఇంకొకటి. కడప లాంటి చోట వానలకి ముందు, అంటే మే, జూన్‌లో వేయించడం మంచిదని చాలామంది అంటారు. వయసు, షుగర్, ఆస్తమా లాంటివి చూసి వాళ్ల డాక్టరే ఫైనల్‌గా చెప్తారు.

సందేహాల_సుబ్బారావు
పాత పేపర్ల గారు 2011 ఒప్పందం గొప్పగా చెప్పారు. సరే. 2009లో మెక్సికో ఏం సుఖపడింది? ఏప్రిల్‌లో కొత్త ఫ్లూ వచ్చిందని బయటపెట్టింది. బహుమతి ఏంటి? అర్జెంటీనా, క్యూబా విమానాలు ఆపేశాయి. చైనా జబ్బు లేని మెక్సికన్లని కూడా హోటళ్లలో బంధించింది. ఈజిప్టు అయితే తమ దేశంలో పందులన్నింటినీ చంపేసింది, వాటికీ ఆ జబ్బుకీ సంబంధం లేకపోయినా. స్వైన్ ఫ్లూ అనే పేరు ఉంది కదా, చాలు.

ల్యాబ్_కోటు
నిజం. కానీ రెండో వైపు కూడా చూడండి. అమెరికా ఏప్రిల్ 28 కల్లా టెస్టు పద్ధతిని అందరికీ ఇచ్చేసింది, మే మొదట్లో కిట్లు దేశదేశాలకి బయల్దేరాయి. మే నెల మధ్యలో దేశంలో మొదటి కేసు ఎక్కడ పట్టుబడిందో గుర్తుందా? మన హైదరాబాద్‌లోనే, అమెరికా నుంచి దిగిన కుర్రాడు. మెక్సికో నోరు మూసుకుని కూర్చుంటే ఆ కుర్రాడిది మామూలు జలుబే అయ్యేది. లాభం మనకి, నష్టం మెక్సికోకి. అదీ అసలు పేచీ.

నల్గొండ_నర్సన్న
గప్పుడు శంషాబాద్ ఎయిర్‌పోర్టుల మా బావమరిది పని జేస్తుండె. మూతికి గుడ్డ గట్టుకొని ఇంటికొస్తే మా అత్త లోపటికి రానియ్యలే. బయట అరుగు మీదనే అన్నం.

పల్నాడు_పిల్ల
కోళ్ల ధరలూ, గుడ్ల ధరలూ అంటున్నారు గానీ, 2025 మార్చిలో మా జిల్లాలో రెండేళ్ల పాప చనిపోయింది. మంగళగిరిలో ట్రీట్‌మెంట్, పుణె ల్యాబ్ బర్డ్ ఫ్లూ అని తేల్చింది. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని పేపర్లలో వచ్చింది. ఆ వారం మా వీధిలో ఇంటింటికీ వచ్చి జ్వరాలు అడిగారు. చుట్టుపక్కల ఎవరికీ సోకలేదు, అదొక్కటే ఊరట. మా అమ్మ ఇప్పటికీ చికెన్ కడిగేటప్పుడు పిల్లల్ని వంటింట్లోకి రానివ్వదు.

రిటైర్డ్_వెటర్నరీ
మంచి పని చేస్తున్నారు మీ అమ్మగారు. ఉడికిన మాంసంతో భయం లేదు, 70 డిగ్రీలు దాటితే వైరస్ బతకదు. ప్రమాదమంతా కోసేటప్పుడు, ఈకలు పీకేటప్పుడు, కడిగేటప్పుడు. జబ్బు కోడిని చవగ్గా వచ్చిందని ఇంటికి తెచ్చుకోవడం అన్నిటికంటే ప్రమాదం.

పాత_పేపర్ల_కట్ట
పల్నాడు గారి పోస్టు చదివాక మన దక్షిణాసియా సంగతి చెప్పాలనిపించింది. 2024లో రెండున్నరేళ్ల పాప కుటుంబంతో కోల్‌కతా వచ్చి వెళ్లింది. మార్చి 1న ఆస్ట్రేలియాలో దిగింది, అక్కడ ఆసుపత్రి పాలైంది. శాంపిల్ మెల్‌బోర్న్ కేంద్రానికి వెళ్తే ఎచ్5ఎన్1, అంటే ఈ బర్డ్ ఫ్లూ వైరసే అని, అదీ మన దక్షిణాసియాలో తిరిగే రకం అని తేలింది. పాప కోలుకుంది. అక్కడ ఆ టెస్టు చెయ్యకపోతే ఆ సంగతి మనకీ తెలిసేది కాదు.

మన చుట్టూ చూడండి. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో మనకి మొదటిసారి, 2007 మార్చిలో బంగ్లాదేశ్, 2008 జనవరిలో పశ్చిమ బెంగాల్, 2009 జనవరిలో నేపాల్‌లోని ఝాపా, మన సిలిగురి పక్కనే. మ్యాప్ మీద వేలు పెట్టి జరుపుకుంటూ పోవచ్చు. 2019లో నేపాల్‌లో మొదటి మనిషి చనిపోతే శాంపిల్ ఖరారు చేయడానికి టోక్యో పంపారు. భోపాల్ ల్యాబ్‌కి ఈ వ్యాధిలో అంతర్జాతీయ రెఫరెన్స్ గుర్తింపు ఉంది, పుణె ఉంది, అయినా మన ప్రాంతానికంటూ మెకాంగ్ లాంటి ఫోన్ లైన్ లేదు. దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ శిఖరాగ్రం 2014లో ఖాట్మండులో జరిగాక మళ్లీ జరగనే లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో మనం ఒక ప్రాంతం, పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ వేరే ప్రాంతం. పంజాబ్ పొలాల మీద ఎగిరే బాతుకి ఈ సంగతి ఎవరు చెప్తారు?

భారత్_ముద్దుబిడ్డ
పాకిస్తాన్‌కి ఫోన్ చేసి మా కోళ్లు చస్తున్నాయని చెప్పమంటారా? బాగుంది.

హనోయ్_రావు
వియత్నాం, చైనా 1979లో యుద్ధం చేసుకున్నాయి. ఇరవై ఏళ్లకి ఇదే వ్యవస్థలో పక్కపక్కన కూర్చున్నాయి. కోళ్ల గురించి మాట్లాడటానికి ప్రేమ అక్కర్లేదు, భయం ఉంటే చాలు.

భారత్_ముద్దుబిడ్డ
చూద్దాం. నేను మాత్రం ఒప్పుకోను.

గోదారి_గట్టు
ఇంతకీ టీకా వేసేస్తే పోదా? రాణిఖేత్‌కి వేస్తున్నాం, గంబోరోకి వేస్తున్నాం. దీనికెందుకు వెయ్యనివ్వరు?

రిటైర్డ్_వెటర్నరీ
ఎచ్9ఎన్2 అని తక్కువ తీవ్రత ఉన్న రకానికి మన దగ్గర టీకా ఉంది, భోపాల్‌వాళ్లే చేశారు. ఎచ్5ఎన్1కి మాత్రం అనుమతి లేదు, ఇప్పటికి చంపడమే విధానం. కారణం ఒకటే, టీకా వేసిన కోడి చావదు గానీ వైరస్ లోపల తిరుగుతూ ఉండొచ్చు. నిఘా గట్టిగా లేకపోతే జబ్బు ఉందో లేదో కూడా తెలీదు.

అయినా వేసినవాళ్లున్నారు. చైనా 2017 సెప్టెంబర్ నుంచి ఎచ్7 కలిపిన టీకా కోళ్లకి వేస్తే మనుషుల్లో ఎచ్7ఎన్9 అనే ఇంకో రకం బర్డ్ ఫ్లూ కేసులు దాదాపు మాయమయ్యాయి. ఫ్రాన్స్ 2023 అక్టోబర్‌లో బాతులకి మొదలుపెట్టింది. వెంటనే అమెరికా, మీ బాతుల్లో జబ్బు దాగి ఉండొచ్చని ఫ్రాన్స్ నుంచి దిగుమతుల మీద ఆంక్షలు పెట్టింది. 2025 జనవరిలో గానీ సడలించలేదు. చూశారా, జబ్బు ఉందని చెప్పినా దెబ్బే, జబ్బు రాకుండా టీకా వేసినా దెబ్బే. దేశాలు ముందు మాట్లాడుకోవాల్సింది దీని గురించి. ఒక జిల్లాలో జబ్బు వస్తే ఆ జిల్లా వరకే ఆపి మిగతాది కొంటాం అని ముందే రాసుకోవచ్చు. కొన్ని దేశాలు ఒకదానితో ఒకటి అలా రాసుకున్నాయి కూడా.

నల్గొండ_నర్సన్న
గదే మాట మన రెండు రాష్ట్రాలు గూడ రాసుకోవచ్చు గద. జోన్ బయట ఫారంకు డాక్టర్ సర్టిఫికెట్ ఇస్తే లారీ పోనియ్యాలె. గట్లయితే నేను గూడ ఒప్పుకుంట.

గోదారి_గట్టు
ఆ మాట ముందే అనుంటే ఇంత తిట్టుకునేవాళ్లం కాదు నర్సన్నా. నాదింకోటుంది. పది కిలోమీటర్ల జోన్‌లో కోళ్లు బతికున్నోళ్లకి కూడా ఏదో ఒకటి ఇవ్వాలి. అమ్మనివ్వని రోజులకి దాణా ఖర్చన్నా ఇవ్వాలి. డల్లాస్ తమ్ముడు పాల నష్టం అన్నాడే, అలాగ. ఈ పోస్టులన్నీ ప్రింట్ తీసి మా అసోసియేషన్ వాళ్లకి ఇస్తా.

సందేహాల_సుబ్బారావు
ఇవ్వండి, కానీ ఒక చిక్కు. అప్పుడు జోన్‌లో లేనివాడు కూడా నాకూ నష్టం అంటాడు. ఎక్కడ గీత గీస్తారు?

గోదారి_గట్టు
కిలోమీటరు దగ్గర గీసినోళ్లు పది దగ్గర గియ్యలేరా?

పాత_పేపర్ల_కట్ట
గీత గీయడంలోనే ఉంది మొత్తం గొడవ. 2025 మేలో మహమ్మారుల మీద ప్రపంచ ఒప్పందం ఆమోదించారు కదా, అందులోనూ అన్నీ రాసి, వైరస్ ఇచ్చినవాళ్లకి ఏం దక్కాలి అనే భాగాన్ని మాత్రం అనుబంధంగా తర్వాత తేలుద్దామని పక్కన పెట్టారు. తయారయ్యే టీకాల్లో 20 శాతం ప్రపంచ ఆరోగ్య సంస్థకి అని ఒక అంకె అయితే పడింది. అది ఎలా, ఎవరి నుంచి, ఏ షరతు మీద అనేదే పేచీ.

కోడిపులావ్
అంటే కూర వండారు, ఉప్పు వెయ్యడం తర్వాత చూద్దామన్నారు.

భీమవరం_బుల్లోడు
డాక్టర్ గారూ, సీరియస్ డౌట్. మా పెరట్లో నాటుకోళ్లు పదిహేను ఉన్నాయి. రేపు ఉన్నట్టుండి రెండు చచ్చాయనుకోండి. ఏం చెయ్యాలి? ఎవరికి చెప్పాలి? పెరటి కోళ్లకి కూడా జోన్ పెట్టేస్తారా?

రిటైర్డ్_వెటర్నరీ
రెండు చచ్చాయని ఎవరూ జోన్ పెట్టరు, ల్యాబ్ రిపోర్టు వస్తేనే. ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు. ప్లాస్టిక్ కవర్ చేతికి తొడిగి పక్కన పెట్టండి, కుక్కలకి వెయ్యొద్దు, కాలవ సంగతి చెప్పక్కర్లేదు. 1962కి ఫోన్ చెయ్యండి, లేకపోతే మీ ఊరి పశువుల ఆసుపత్రికి. వాళ్లొచ్చి గొంతు దగ్గర, మలద్వారం దగ్గర స్వాబ్ తీసి ఐస్ బాక్స్‌లో పంపుతారు. ఎప్పుడు చచ్చాయి, దాణా ఎప్పుడు మానేశాయి, తల వాచిందా, జుట్టు నీలంగా మారిందా, కొత్త కోడి ఏదైనా ఈమధ్య తెచ్చారా, ఇవి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, మొదట అడిగేది అవే.

భీమవరం_బుల్లోడు
కొత్త కోడి అంటే పందెం కోడి కూడానా?

రిటైర్డ్_వెటర్నరీ
ముఖ్యంగా అదే.

మోడరేటర్
గుడ్డు కూరలో బంగాళాదుంపల మీద వచ్చిన పదకొండు పోస్టులు వంటల సెక్షన్‌కి మార్చాను. పాకిస్తాన్ మీద తిట్లున్నవి తీసేశాను. టాపిక్ ఓపెన్‌గానే ఉంటుంది.